ఆఖ్తా గుఱ్ఱము మగగుఱ్ఱమువలె ప్రవర్తించుట: కారణములును, అదుపు చేయు విధమును

విత్తులు తీయించిన గుఱ్ఱమును తెలంగాణపు రైతులు ఉర్దూమాటను గైకొని ఆఖ్తా గుఱ్ఱమందురు. కోడెను ఎద్దుగా చేయుటలో ఏ ఉద్దేశము కలదో, గుఱ్ఱమును ఆఖ్తా చేయించుటలోను అదియే కలదు. పశువు నెమ్మదిగా నుండవలెను. ఒకే కొట్టమున ఇతర పశువులతో కలిసి మెలగవలెను. పని చేయించువానికి అపాయము కలుగరాదు. అయితే ఆఖ్తా చేయించిన పిమ్మటను కొన్ని గుఱ్ఱములు మగగుఱ్ఱములవలెనే సకిలించుచు, ఆడుగుఱ్ఱముల వెంట బడుచు, తోడి గుఱ్ఱములను కఱచుచు నుండును. అట్టి సమయమున యజమాని తాను మోసపోతినని తలచి అమ్మినవానితో తగవు పడుటయు, గుఱ్ఱమును కొట్టుటయు, పనికిరాని మందులకు ధనము వెచ్చించుటయు జరుగుచుండును. కారణము తెలిసినచో ఈ నష్టములలో పెక్కింటిని తప్పించుకొనవచ్చును.

నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలకు గుఱ్ఱము క్రొత్తది కాదు. కృష్ణలో భీమానది కలియు తంగిడి సంగమము పూర్వపు మహబూబునగరు జిల్లా పడమటి పొలిమేరనే యున్నది. ఆ భీమాతీరమున పెరిగిన దక్కను గుఱ్ఱములు పొట్టివైనను గట్టి గిట్టలును, ఓర్పును గలవని మరాఠాల కాలమునుండి పేరు గాంచినవి. మోటారుబండ్లు రాకపూర్వము దౌరాకు వెళ్ళు ఉద్యోగులును, గ్రామపు పెద్దలును గుఱ్ఱములపైననే తిరిగిరి. నేడు ఈ సీమలో గుఱ్ఱములు తక్కువైనవి. ఉన్నవి పెండ్లి ఊరేగింపులకును, సవారికిని ఉపయోగపడుచున్నవి. జనసమూహము నడుమను, బాజాల చప్పుడునందును నడువవలసిన గుఱ్ఱమునకు నెమ్మది మఱింత ముఖ్యము. ఊరేగింపులో ఒక్క గుఱ్ఱము ముందుకాళ్ళెత్తి లేచినయెడల పిల్లల ప్రాణములకే ముప్పు.

1. మగగుఱ్ఱపు చేష్టలు ఎట్టివి

ఆడుగుఱ్ఱము కనబడగానే మెడ వంచి గట్టిగా సకిలించుట. దాని మూత్రము వాసన చూచి, ఆబోతు చేయునట్లు, పై పెదవి పైకెత్తుట. దానిపై నెక్క జూచుట. చెవులు వెనుకకు వాల్చి, తల నేలకు దించి ఆడుగుఱ్ఱములను మందగా తఱుముట. ఇతర గుఱ్ఱములను దగ్గఱకు రానీయక కఱచుట, ముందుకాలితో కొట్టుట. వేఱు గుఱ్ఱము వేసిన లద్దిపై తాను లద్ది వేయుట. ఇవి ముఖ్యమైనవి.

వీనిలో ఒకటి రెండు ఎప్పుడో కనబడినంతమాత్రమున భయపడ నక్కఱలేదు. 1985లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఆఖ్తా చేసిన గుఱ్ఱములలో నూటికి 20 మొదలు 30 వఱకు ఆడుగుఱ్ఱములయెడ మగచేష్టలో, తోడి గుఱ్ఱములపై కోపమో చూపినవని తేలినది. మనుష్యులపై తిరుగబడినవి నూటికి 5 మాత్రమే. మఱియొక విశేషము: యౌవనమునకు పూర్వమే ఆఖ్తా చేసినవానికిని, తరువాత చేసినవానికిని ఈ విషయమున చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కావున చిన్నతనమున ఆఖ్తా చేయించినంత మాత్రముచే గుఱ్ఱము నెమ్మదిగా నుండి తీఱునని నమ్మరాదు.

2. శరీరములో జరుగు పని

విత్తులు రెండు పనులు చేయును. వీర్యమును పుట్టించుట ఒకటి. మగతనపు లక్షణములకు హేతువైన టెస్టోస్టెరోనను రసమును రక్తములోనికి విడుచుట రెండవది. రెండు విత్తులును పూర్తిగా తీసినపిమ్మట ఒకటి రెండు దినములలోనే ఆ రసము రక్తములో మిక్కిలి తగ్గిపోవును. కాని రసము తగ్గిన దినముననే బుద్ధి మాఱదు. మెదడునకు పట్టిన అలవాటు మెల్లగా సడలవలెను. అందుకు కొన్ని గుఱ్ఱములకు వారములును, కొన్నింటికి నెలలును పట్టును. కొన్నింటిలో కొంత శేషము జీవితాంతము మిగులును.

ఒక అపోహను ఇక్కడనే తొలగించుట మంచిది. శస్త్రము చేసినవాడు విత్తునకు అంటియుండు చుట్టగొట్టములో కొంత భాగమును, లేదా విత్తు వ్రేలాడు నాళములో కొంత భాగమును లోపల విడిచినందున గుఱ్ఱము చెడినదని పలువురు చెప్పుదురు. ఇది నిజము కాదు. ఆ చుట్టగొట్టము వీర్యము నిలుచు చోటే గాని రసము పుట్టు చోటు కాదు. రసము పుట్టునది విత్తు కండలోనే. కావున విత్తు మిగిలియుండవలెను, లేదా కారణము వేఱుగా నుండవలెను.

3. మొదటి కారణము: ఆఖ్తా చేసి కొలదికాలమే యగుట

ఆఖ్తా చేసిన వెంటనే గుఱ్ఱము నెమ్మదించునని ఆశపడరాదు. అంతకంటె ముఖ్యమైన మాట మఱొకటి కలదు. విత్తులు తీసినను, లోపలి మార్గములలో నిలిచిన వీర్యము కొంతకాలముండును. ఆ దినములలో అది ఆడుగుఱ్ఱముతో కలిసినచో చూలు నిలువవచ్చును. కావున శస్త్రము జరిగిన దినమునుండి తక్కువలో తక్కువ 30 దినములు ఆడుగుఱ్ఱములకు దూరముగా కట్టివేయవలెను. 60 దినములైన మఱింత క్షేమము. గుఱ్ఱపు చూలు సుమారు 11 నెలలు. వద్దనుకొన్న చూలు ఆడుగుఱ్ఱపు పనిని ఒక సంవత్సరము చెఱుచును.

4. రెండవ కారణము: లోపల మిగిలిన విత్తు

మగపిల్లకు విత్తులు మొదట కడుపులో నుండి, పుట్టుటకు ముందు నెలనుండి పుట్టిన పది దినముల లోపల సాధారణముగా తిత్తిలోనికి దిగును. కొన్నింటికి ఒకటి గాని, రెండును గాని దిగవు. అట్టి విత్తు కడుపులోనో, గజ్జలోని సందులోనో నిలిచిపోవును. కడుపులోని వేడిమిచేత అది సాధారణముగా వీర్యము నీయజాలదు. కాని మగతనపు రసమును మాత్రము ఇచ్చుచునే యుండును. పైకి కనబడు ఒక్క విత్తును మాత్రము తీసి, "ఇది ఆఖ్తా గుఱ్ఱము" అని సంతలో అమ్మినయెడల, కొన్నవాడు మోసపోవుట తప్పదు. తిత్తి ఖాళీగా నున్నది గదా యని చూచి నమ్మిన ప్రయోజనము లేదు. మచ్చలు రెండు వైపుల నున్నను రెండు విత్తులును తీసినట్లు రుజువు కాదు. ఏలయన కోసి చూచి, దొరకక, మఱల కుట్టి విడిచియుండవచ్చును.

ఈ సందేహమును తీర్చుటకు నేడు నమ్మదగిన మార్గము కలదు. పశువైద్యుడు గుఱ్ఱపు రక్తమును తీసి అందలి రసమును కొలిపించును. ఒకమాఱు కొలిచినది స్పష్టము కానిచో, ఒక సూది మందు వేసి, కొంతసేపటికి మఱల రక్తము తీసి పోల్చి చూచును. లోపల విత్తున్న గుఱ్ఱమున రెండవమాఱు రసము పెరుగును. నిజమైన ఆఖ్తా గుఱ్ఱమున పెరుగదు. విత్తు మాత్రమే పుట్టించు మఱియొక రసమును కొలుచు పరీక్షయును కలదు. పరీక్ష సౌకర్యము స్థానిక పశువైద్యశాలలో లేనియెడల, అచటి వైద్యునిచేత హైదరాబాదు రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాలకు వ్రాయించి తెలిసికొనవచ్చును. విత్తు మిగిలియున్నదని తేలినచో దానిని తీయించుటే మార్గము. ఆ శస్త్రము నేర్పు గలవారు చేయవలసినది. సంతలో త్రిప్పు చేతివైద్యులకు అప్పగింపరాదు. ఈ లోపము వంశమున వచ్చునని తలచుటకు కారణములున్నందున అట్టి గుఱ్ఱమును సంతానమునకు వాడరాదు.

5. మూడవ కారణము: స్వభావమును, అలవాటును

పరీక్షలో విత్తు లేదని తేలినను చేష్టలు మానని గుఱ్ఱములు చాల కలవు. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. మందలో పెద్దఱికము కొఱకు తఱుముట, తన జతగుఱ్ఱమును విడువకుండుట దాని స్వభావము. అంతకుముందు ఆడుగుఱ్ఱములతో కలిసి యలవాటుపడినది ఆ యలవాటును తొందరగా మఱువదు. ఆడుగుఱ్ఱము 21 దినములకొకమాఱు ఎదకు వచ్చి సుమారు 5 మొదలు 7 దినములుండును. ప్రక్క కొట్టమున అట్టి గుఱ్ఱమున్నయెడల ఆఖ్తా గుఱ్ఱము కలత పడుట వింత కాదు.

పని లేక, దాణా ఎక్కువై, ఒంటరిగా కట్టుగొయ్యకు నిలిచియుండు గుఱ్ఱమున ఈ చేష్టలు హెచ్చును. చేతి నుండి బెల్లము, ఉలవలు తినిపించుచు ముద్దు చేసిన పిల్ల పెద్దదై మనుష్యునే జతగుఱ్ఱముగా భావించి కఱచుటకు దిగును.

6. నాలుగవ కారణము: నొప్పి

నొప్పియును కోపమును పుట్టించును. వాడియైన పండ్లు, జీను ఒరపిడి, గిట్టలోని పుండు, లింగపు తొడుగులో పేరుకొని గట్టిపడిన మలినము, మూత్రకోశపు బాధ వీనిని వైద్యునిచేత చూపించవలెను. జొన్న పండించు ఈ సీమ రైతులు ఒక సంగతి ప్రత్యేకముగా నెఱుగవలెను. పచ్చిజొన్న చేలలో అదే పనిగా మేసిన గుఱ్ఱములకు మూత్రకోశము చెడి, వెనుకకాళ్ళు తూలుట కలదు. అట్టి ఆడుగుఱ్ఱము మాటిమాటికి మూత్రము విడుచుచుండగా ఎదకు వచ్చినదని పొరబడుదురు. ప్రక్కనున్న ఆఖ్తా గుఱ్ఱముపై తప్పు మోపుదురు. కావున గుఱ్ఱములకు పచ్చిజొన్నను మేపరాదు. బాగుగ ఎండిన చొప్పయే పెట్టవలెను. ఆడుగుఱ్ఱమే మగగుఱ్ఱమువలె ప్రవర్తించినచో అండాశయములో గడ్డ యుండవచ్చును. దానినిగూడ వైద్యునికి చూపవలెను.

7. కారణమును నిర్ణయించు పద్ధతి

యజమాని ఒక చిన్న పుస్తకమున నెలదినములు ఈ సంగతులు వ్రాసికొనవలెను: ఏ తేదీన, ఏ వేళ చేష్ట కనబడెను, దగ్గఱ ఏ పశువుండెను, ఆ దినమున ఎంతసేపు పని చేసెను, ఎంత దాణా తినెను. దీనికి వ్యయము లేదు, ఫలము మెండు. ఉదాహరణమునకు, చేష్టలు నెల మొదటివారమున కనబడి, ఆగి, మూడు వారములకు మఱల కనబడినచో, పొరుగు ఆడుగుఱ్ఱపు ఎదయే కారణమని తేలును. ఆడుగుఱ్ఱము కంటబడకపోయినను, ప్రతి గుఱ్ఱముపైనను అన్ని దినములందును మగచేష్టలు చూపినచో, లోపలి విత్తును గూర్చి పరీక్ష చేయించవలెను. ఒకే మనుష్యునిపై, ఒకే పనివేళ కోపించినచో జీనును, పండ్లను, ఆ మనుష్యుని చేతివాటమును చూడవలెను. ఈ పుస్తకము చూపినచో వైద్యునికిని పని సులభమగును.

8. అదుపు చేయు విధము

(అ) ఆడుగుఱ్ఱములనుండి వేఱుచేయుట. ఒకే గోడకు అటునిటు కట్టక దూరపు కొట్టమున కట్టవలెను. అయితే ఒంటరిగా నుంచరాదు. నెమ్మదియైన మఱియొక ఆఖ్తా గుఱ్ఱమును గాని, అది లేనిచో మేకనో ఎద్దునో గాని కనుచూపుమేర నుంచవలెను.

(ఆ) ప్రతిదినము పని. దినమునకొక గంట నడక లేదా సవారి తప్పక యుండవలెను. పని లేని దినమున ఉలవలును, గింజలును తగ్గించి, ఎండుగడ్డి, చొప్పలను పెంచవలెను. గుఱ్ఱమునకు కడుపునిండ మేత యుండవలెను. తగ్గించవలసినది దాణాయే గాని మేత కాదు. నీరును, ఉప్పును ఎన్నడును తగ్గించరాదు.

(ఇ) నడక నేర్పుట. ఆడుగుఱ్ఱములు లేనిచోట ప్రారంభించవలెను. 10 అడుగుల పగ్గముతో ఎడమభుజము ప్రక్క నిలిచి, నడువుమన్న నడుచుట, ఆగుమన్న ఆగుట, వెనుకకు రెండడుగులు వేయుట నేర్పవలెను. మాట విన్న క్షణముననే పగ్గము సడలించవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. దినమునకు రెండుమాఱులు, పదేసి నిమిషములు చాలును. ఇవి చక్కగా వచ్చినపిమ్మట ఆడుగుఱ్ఱము నూఱడుగుల దూరమున నుండగా అవే పనులు చేయించి, కొన్ని వారములలో దూరమును మెల్లగా తగ్గించవలెను. కలత పడినచో మఱల దూరమును పెంచవలెను.

(ఈ) జాగ్రత్తలు. పగ్గమును చేతికి చుట్టుకొనరాదు; గుఱ్ఱము లంకించినచో వ్రేళ్ళు తెగును. గుఱ్ఱమునకును ఆడుగుఱ్ఱమునకును నడుమ నిలువరాదు. సకిలించి ముందుకు దూకబోయినచో ఎదురుగా లాగక, తలను ప్రక్కకు త్రిప్పి చుట్టును నడిపించి, వేఱుదిక్కునకు కొనిపోవలెను. పిల్లలచేత అట్టి గుఱ్ఱమును పట్టించరాదు. గట్టు లేని మోటబావి సమీపమున కట్టరాదు.

9. చేయరాని పనులు

కొట్టుటవలన గుఱ్ఱము నెమ్మదింపదు. దానికి ఆడుగుఱ్ఱము కనబడుటయు, దెబ్బ తగులుటయు ఒక్కటిగా మనస్సున నాటి, మఱుమాఱు మఱింత భయముతో తిరుగబడును. మేత మాన్పి నీరసపఱచినయెడల శూలయు, పుండ్లును వచ్చును; బలము వచ్చిన వెంటనే చేష్టలు మఱల వచ్చును. ఒకమాఱు ఆడుగుఱ్ఱముతో కలిపినచో కోరిక తీఱి నెమ్మదించునని కొందఱు చెప్పుదురు. అది అలవాటును గట్టిపఱచుటయే. రక్తపరీక్ష లేకుండ మఱల కోయించుట గుఱ్ఱమునకు బాధ, యజమానికి వ్యయము. పశువులకు అనవసరమైన బాధ కలిగించుట 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచే నేరము.

10. ఆఖ్తా చేయించు తఱి

ఆఱు నెలలు మొదలు రెండేండ్ల లోపల, రెండు విత్తులును తిత్తిలో దిగినవని చేతితో చూచి, చేయించుట మేలు. ఈగలు తక్కువగను, నేల పొడిగను ఉండు మార్గశిరమునుండి మాఘము వఱకు అనుకూలమైన కాలము. మత్తుమందిచ్చి పశువైద్యుడే చేయవలెను. తీసిన విత్తులు రెండింటిని యజమాని కంటితో చూచి లెక్కపెట్టుకొని, తేదీతో వైద్యునిచేత కాగితము వ్రాయించుకొనవలెను. ఆ కాగితము అమ్మువేళ గుఱ్ఱపు వెలను నిలుపును.

గుఱ్ఱమునకు ధనుర్వాతము మిక్కిలి సులభముగా సోకును. సోకినచో బ్రతుకుట కష్టము. లద్ది పడిన నేలయందే ఆ రోగబీజములుండును. కావున ధనుర్వాతపు టీకా వేయించకుండ ఆఖ్తా చేయింపరాదు. మఱునాటినుండి దినదినము నడిపించినచో వాపు తగ్గును. రక్తము ధారగా కాఱినను, గాయమునుండి ప్రేగువంటిది వ్రేలాడినను క్షణమైన ఆలస్యము చేయక, శుభ్రమైన తడిగుడ్డతో పట్టి, వైద్యుని పిలిపించవలెను.

11. ఎద్దుల విషయము

మెట్టసీమ రైతులకు గుఱ్ఱముకంటె ఎద్దు ముఖ్యము గనుక ఈ పాఠమునే ఎద్దునకు అన్వయించుకొనవచ్చును. అమరాబాదు ప్రాంతపు పొడతూర్పు కోడెలను కురుమూర్తి జాతరలో కొని, తరువాత విత్తులు నలిపించు రైతులున్నారు. అట్టి ఎద్దు నాగలికి కట్టినను ఆవుల వెంట బడుచున్నచో, విత్తునాళము సరిగా నలుగలేదని అనుమానింపవలెను. ఇటలీదేశపు పశువైద్యుడైన బర్డిజో పేర పిలువబడు పట్టుకారుతో ఒక్కొక్క నాళమును వేఱువేఱుగా, తిత్తి నడిమి చర్మమును తగులనీయక నొక్కవలెను. ఆఱు వారములకు మఱల తడవి చూచినచో విత్తులు రెండును కుదించుకొని యుండవలెను. ఒకటి మెత్తబడక మునుపటివలె నున్నచో ఆ వైపు మఱల నొక్కించవలెను. ఱాళ్ళతో నలుగగొట్టు పాతపద్ధతి క్రూరము. ఫలమును నిశ్చయము కాదు.

12. ముగింపు

ఆఖ్తా గుఱ్ఱము మగచేష్టలు చూపినప్పుడు రైతు నాలుగు ప్రశ్నలను వరుసగా వేసికొనవలెను: ఆఖ్తా చేసి రెండు నెలలైనదా? రెండు విత్తులును తీసినట్లు రుజువున్నదా? నొప్పి యేమైన నున్నదా? ఆడుగుఱ్ఱము, దాణా, సోమరితనము ఈ మూడింటిలో ఏది దానిని రెచ్చగొట్టుచున్నది? మొదటిదానికి ఓపికయు, రెండవదానికి రక్తపరీక్షయు, మూడవదానికి వైద్యమును, నాలుగవదానికి యజమాని శ్రద్ధయు మందు. గుఱ్ఱమును కొనువేళ సంతలోనే ధర ముగింపక, పరీక్ష ఫలితము వచ్చిన పిమ్మట సొమ్ము పూర్తిగా చెల్లించునట్లు కాగితము వ్రాయించుకొన్నచో తగవునకు తావుండదు. గుఱ్ఱము బుద్ధిపూర్వకముగా యజమానిని మోసగింపదు; దాని శరీరము, అలవాటు ఏమి చెప్పునో అదియే చేయును. దానిని తెలిసి నడుపుకొనుట రైతు పని.